ఆ పిల్ల ఇంకెంత సర్దుకోవాలి?

ప్రశ్న: మాది గుంటూరు. నాకు ఇద్దరు పిల్లలు. పాపకి పదకొండేళ్ళు, ఆరో తరగతి. బాబుకి ఏడేళ్ళు, మూడేళ్ళప్పుడు ఆటిజం అని తేలింది. మాటలు తక్కువ. రోజూ సాయంత్రం స్పీచ్ థెరపీకీ, ఓటీకీ (ఆక్యుపేషనల్ థెరపీ, రోజువారీ పనులు నేర్పే శిక్షణ) తిప్పుతున్నాను. ఇద్దరిదీ ఒకటే స్కూలు. బాబు క్లాసులో ఏడుపు అందుకుంటే టీచర్లు పాపని పిలిపిస్తారు, అది వెళ్తే వాడు ఊరుకుంటాడు. నిన్నమొన్నటి దాకా తమ్ముణ్ణి ఎంతో బాగా చూసుకునేది. ఈ ఏడాది మారిపోయింది. బస్సులో వాడి పక్కన కూర్చోనంటుంది. పొద్దున్నే కడుపునొప్పి అంటుంది, ఆదివారం మాత్రం ఏ నొప్పీ ఉండదు. మొన్న వాళ్ళ ఫ్రెండ్ తల్లి కనిపించి "మీకు పాప ఒక్కతేనట కదా" అంది. నాకు నోట మాట రాలేదు. ఇంటికొచ్చి అడిగితే పాప తల వంచుకుని కూర్చుంది తప్ప ఏమీ చెప్పలేదు. సోషల్ ప్రాజెక్టు వాడు చింపేసిన రోజు కూడా "నువ్వే సర్దుకోవాలమ్మా, వాడికి తెలీదు కదా" అని నచ్చజెప్పాను. మా అత్తగారు "రేపు మేమంతా పోతే వాడికి దిక్కు నువ్వేనే" అంటుంటారు. వచ్చే నెల దాని పుట్టినరోజు, ఎవర్నీ పిలవొద్దంటోంది. బెలూన్ పగిలితే బాబు బెదిరిపోతాడని మూడేళ్ళుగా బెలూన్లు కట్టకుండా ఇంట్లోనే చేస్తున్నాం, ఎప్పుడూ ఏమీ అనలేదు. ఇప్పుడెందుకిలా? తమ్ముడితో సర్దుకుపోవడం దీనికి ఎలా నేర్పాలి?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒక మాట సూటిగా చెప్పేస్తాను, నొచ్చుకోకండి. సర్దుకోవడం ఎలా నేర్పాలి అని అడిగారు. మీరు రాసినదాంట్లోనే చూడండి. తమ్ముడు ఏడిస్తే క్లాసు వదిలి వెళ్ళింది, ఇన్నాళ్ళూ బస్సులో వాడి పక్కనే కూర్చుంది, ప్రాజెక్టు చిరిగితే ఊరుకుంది, మూడు పుట్టినరోజులు బెలూన్లు లేకుండా చేసుకుంది. రోజూ సాయంత్రం మీరు బాబుని థెరపీకి తీసుకెళ్తే ఆ రెండు గంటలూ పాప ఎక్కడ ఉంటుందో మీరు రాయలేదు. సెంటర్ వరండాలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని ఒళ్ళో పుస్తకం పెట్టుకుని హోంవర్క్ చేసుకుంటుందని నా ఊహ, ఎందుకంటే నేను పనిచేసే చోట అలాంటి పిల్లలు రోజూ ఇద్దరో ముగ్గురో కనిపిస్తారు. పదకొండేళ్ళ పిల్ల ఇంతకంటే ఏం సర్దుకోగలదు? ఆ పిల్ల వంతు ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు ఇల్లు సర్దుకోవాలి, స్కూలు సర్దుకోవాలి.

ఇదంతా పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. స్పెషల్ ఎడ్యుకేటర్‌గా, అంటే ఇలాంటి పిల్లలకి నేర్పే టీచరుగా, ఇరవై ఏళ్ళ పైగా పనిచేస్తున్నాను, అంతకంటే ముందు నుంచీ అలాంటి తమ్ముడికి అక్కని. మావాడికి ఇప్పుడు నలభై దాటాయి. మా చిన్నప్పుడు తెనాలి దగ్గర మా ఊళ్ళో ఆటిజం అన్న మాటే ఎవరికీ తెలీదు, ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టేవాళ్ళు, అమ్మ మొక్కని దేవుడు లేడు. సికింద్రాబాద్ బోయినపల్లిలో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం ఉన్న, ఇప్పుడు నీపిడ్ అంటున్న జాతీయ సంస్థకి వాణ్ణి తీసుకెళ్ళేసరికి వాడికి పదేళ్ళు దాటాయి. అందుకే మీ పాప గురించి రాస్తుంటే అక్కడక్కడ నా గొడవ కూడా వస్తుంది, ఏమీ అనుకోకండి.

ముందు స్కూలు సంగతి చూద్దాం, ఎందుకంటే అక్కడ మార్పు ఈ వారమే మొదలుపెట్టొచ్చు.

మా స్కూల్లోనూ ఇదే జరిగేది. తమ్ముడు ఏడుపు అందుకుంటే అటెండరు మా క్లాసు గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు. నోరు తెరిచి ఏమీ చెప్పక్కర్లేదు, టీచర్ నా వైపు చూసేది, క్లాసంతా నా వైపు చూసేది, నేను లేచి వెళ్ళేదాన్ని. వాడి చెవులు నా రెండు చేతులతో మూసి పట్టుకుని కూర్చుంటే కాసేపటికి ఊరుకునేవాడు. అందరూ మెచ్చుకునేవాళ్ళు, బంగారు తల్లి అనేవాళ్ళు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి గుమ్మంలో ఎవరి నీడ పడినా నాకు కడుపులో తిప్పడం మొదలైంది. ఫీజు కాగితాలు పట్టుకుని ఎవరొచ్చినా అంతే. నా లెక్కల పీరియడ్లు ఎన్ని పోయాయో, ఆ ఏడాది ఆల్జీబ్రా నాకు ఎందుకు అర్థం కాలేదో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చెబితే తమ్ముడి మీద చాడీ చెప్పినట్టు అవుతుందని భయం.

మీ పాప కడుపునొప్పి ఆదివారం ఉండదని మీరే రాశారు. అయినా ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించండి, అది తప్పనిసరి, అన్నీ మనసు మీదికి నెట్టెయ్యకూడదు. ఆయన ఏమీ లేదంటే మాత్రం "చూశావా, నీకేమీ లేదట, స్కూలు ఎగ్గొట్టడానికి నాటకం" అనకండి. నొప్పి నిజంగానే వస్తుంది. టెన్షన్ పడే పిల్లలకి కడుపులోనే తెలుస్తుంది.

స్కూలుకి వెళ్ళి ప్రిన్సిపాల్‌తో మాట్లాడండి, మాట్లాడాక ఒక కాగితం మీద రాసి కూడా ఇవ్వండి. బాబు విషయంలో ఇకమీదట పాపని క్లాసులోంచి పిలిపించవద్దు, అవసరమైతే మాకు ఫోన్ చేయండి అని. రెండు వాక్యాలు చాలు. దాంతోపాటు బాబు గురించి ఒక పేజీ రాసివ్వండి. ఏ చప్పుడుకి బెదిరిపోతాడు, బెల్లు కొట్టే ముందు చెబితే తట్టుకుంటాడా, ఏడుపు మొదలయ్యే ముందు ఏం చేస్తాడు, చేతులు ఆడిస్తాడా, కాలర్ నములుతాడా, ఎక్కడ కూర్చోబెడితే తేరుకుంటాడు, ఏం పట్టుకుంటే నెమ్మదిస్తాడు, ఆ సమయంలో ఏం చేయకూడదు. ఇవన్నీ పాపకి తెలుసు కాబట్టే వాళ్ళు పాపని పిలుస్తున్నారు. పాప బుర్రలో ఉన్నది ఆ కాగితం మీదికి వచ్చి క్లాస్ టీచర్ టేబుల్లోనూ ఆయా దగ్గరా ఉంటే, ఇక ఆ పిల్లని పిలవాల్సిన పని ఉండదు. రాసేటప్పుడు పాపని కూడా అడగండి, మీకు తెలియనివి రెండు మూడు తప్పకుండా చెబుతుంది. నా అనుభవంలో ఎప్పుడూ అంతే. మొదట్లో బాబు ఎక్కువ ఏడవొచ్చు, అక్క రాలేదని. ఓ రెండు మూడు వారాలు గట్టిగా ఉండాలి, టీచర్లూ మీరూ.

ఇక్కడ మీకొక భయం ఉంటుందని నాకు తెలుసు. ఎక్కువ మాట్లాడితే "మా వల్ల కాదు, బాబుని వేరే చోట చూసుకోండి" అంటారేమోనని. ఈ భయంతోనే తల్లులు నోరు మూసుకుంటారు, దాని ఖర్చు ఇంట్లో రెండో బిడ్డ కడుతుంది. చట్టం ఏం చెబుతుందో తెలుసుకుని వెళ్ళండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ స్కూలయినా ఇలాంటి పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకోవాలి, వాళ్ళకి తగ్గ ఏర్పాట్లు చేయాలి. స్పెషల్ ఎడ్యుకేటర్ల గురించి సుప్రీంకోర్టు 2021లో లెక్క కూడా చెప్పింది, ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పది మంది పిల్లలకి ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు. మన స్కూళ్ళలో ఎంతవరకు జరుగుతోందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఆ ఉద్యోగం ఆరో తరగతి పిల్లది కాదని చెప్పడానికి ఆ లెక్క చాలు. కోర్టు కాగితాలు పట్టుకుని పోట్లాటకి వెళ్ళమనడం లేదు, ముందు మర్యాదగానే అడగండి, చాలామంది టీచర్లు ఆ పిల్ల క్లాసు పోతోందన్న సంగతి అప్పటిదాకా ఆలోచించి ఉండరు. మండలాల్లో ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లో ఇలాంటి పిల్లలకి నేర్పే టీచర్లు ఉంటారు. బాబుని ఎలా చూసుకోవాలో స్కూలు వాళ్ళకి తెలియకపోతే మీ దగ్గర్లోని కేంద్రంలో కూడా అడిగి చూడండి.

బస్సు సంగతి చిన్నదే. వాడు ఆయా పక్కన, పాప తన ఫ్రెండ్స్ దగ్గర. ఆయాకి ఆ పేజీ ఒక కాపీ ఇవ్వండి. ఇద్దర్నీ వేరే వేరే స్కూళ్ళకి మార్చాలా అన్న ఆలోచన మీకు వచ్చే ఉంటుంది, తొందరపడొద్దు. ముందు ఇవి మార్చి చూడండి, దసరా సెలవుల దాకా ఆగి పాపనే అడగండి. కొందరు పిల్లలకి వేరే స్కూలు చాలా మేలు చేస్తుంది, కొందరు తమ్ముడు కళ్ళ ముందు లేకపోతే అక్కడ వాడికి ఏమవుతోందోనని ఇంకా బెంగపడతారు.

ఇక ఆ మాట. "ఒక్కతేనట కదా."

అది మీకు ఎంత గుచ్చుకుందో అర్థమవుతోంది. నేను ఇంటర్మీడియట్ హాస్టల్లో చేరిన కొత్తల్లో నాకు అన్నదమ్ములు ఎవరూ లేరని చెప్పాను. ఒక ఆదివారం నాన్న వస్తూ వాణ్ణి కూడా తీసుకొచ్చారు. గేటు దగ్గర నాన్న చేతిలో అమ్మ కట్టిచ్చిన సున్నుండల డబ్బా, పక్కన వాడు కొత్త చొక్కా వేసుకుని గేటు ఊచలు ఒక్కొక్కటే తడుముతూ నిలబడి ఉన్నాడు. నా రూమ్మేట్ ఎవరని అడిగింది. "మా చుట్టాలబ్బాయి" అన్నాను. నాన్న విన్నారు. ఏమీ అనలేదు, డబ్బా నా చేతికిచ్చి వాడి చెయ్యి పట్టుకుని బస్టాండుకి వెళ్ళిపోయారు. ఆ సంగతి అమ్మకి నేను చెప్పేసరికి నాకు ముప్ఫై దాటాయి. వాడంటే నాకు ఇష్టం లేదా అంటే, ఆ హాస్టల్లో నేను ఏడ్చిన రాత్రుల్లో సగం వాడి కోసమే. కానీ ఉన్నాడని చెబితే తర్వాత వచ్చే ప్రశ్నలు నాకు ముందే తెలుసు. "ఏమైంది వాడికి? ఎప్పుడు తగ్గుతుంది? మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? పాపం మీ అమ్మ." ఊళ్ళో పన్నెండేళ్ళు చెప్పిన సమాధానాలే మళ్ళీ మొదటినుంచి చెప్పే ఓపిక లేక ఆ ఒక్క అబద్ధం ఆడాను.

మీ పాప కూడా ఆ ఓపిక అయిపోయిన చోటే ఉందేమో. పదకొండు, పన్నెండు ఏళ్ళ వయసులో పిల్లలకి స్నేహితులే లోకం, అందరిలో ఒకరిలా ఉండాలని ఉంటుంది. అందుకే నిరుడు లేనిది ఈ ఏడాది వచ్చింది. తమ్ముణ్ణి వద్దనుకుందని ఏడవకండి, ఆ మాట పట్టుకుని మళ్ళీ మళ్ళీ నిలదీయొద్దు. ఒక్కసారి మాత్రం, ఇద్దరూ బట్టలు మడతపెడుతున్నప్పుడో, పూలు కడుతున్నప్పుడో, ఎదురెదురుగా కూర్చోకుండా పక్కపక్కన ఉన్నప్పుడు, "ఆంటీ చెప్పినప్పుడు నాకు బాధేసింది, కానీ నువ్వెందుకు అలా చెప్పి ఉంటావో ఆలోచించాను, నీకు స్కూల్లో చాలా కష్టంగా ఉంది కదూ" అనండి. అని ఊరుకోండి. తను వెంటనే ఏమీ చెప్పకపోవచ్చు. నాలుగు రోజుల తర్వాత జడ వేసేటప్పుడు చెబుతుంది.

చెప్పినప్పుడు వినడానికి మీకు కష్టంగా ఉండే మాటలు రావచ్చు. "వాడంటే నాకు అసహ్యం", "వాడు పుట్టకపోతే బాగుండేది". అలా అనకూడదు తప్పు అని నోరు నొక్కకండి. ఏ ఇంట్లో అయినా అక్కాతమ్ముళ్ళు కొట్టుకుంటారు, నువ్వు చచ్చిపో అనుకుంటారు, పది నిమిషాల్లో ఒకే కంచంలో తింటారు. ఈ పిల్లకి ఆ కోపం తెచ్చుకునే హక్కు కూడా లేకుండా పోయింది, ఎందుకంటే తమ్ముడు "పాపం". మనసులో ఆ మాట అనుకున్న ప్రతిసారీ నేనెంత చెడ్డదాన్నో అని లోపల కుములుతుంది. "కోపం వస్తుంది, నాకూ ఒక్కోసారి వస్తుంది" అని మీరు అంటే చాలు, సగం బరువు అక్కడే దిగుతుంది.

ఆటిజం గురించి పాపకి ఎంత చెప్పారు? నిజంగా అడుగుతున్నాను. చాలా ఇళ్ళల్లో నాలుగేళ్ళ నుంచి థెరపీకి తిప్పుతున్నా పక్కన ఉన్న పిల్లకి "తమ్ముడికి బాగోలేదు" అనే తప్ప ఏమీ చెప్పరు. బాగోలేదు అంటే జ్వరంలా తగ్గాలి కదా, ఎందుకు తగ్గడం లేదు, నాకూ అంటుకుంటుందా, చిన్నప్పుడు నేను వాణ్ణి మంచం మీంచి పడేశాను, దానివల్లా? ఇలాంటివి పిల్లలు ఎవర్నీ అడగకుండా లోపల పెట్టుకుంటారు. పదకొండేళ్ళ పిల్లకి పూర్తిగా చెప్పొచ్చు. పుట్టుకతోనే మెదడు వేరేగా ఎదుగుతుంది, ఎవరూ ఏదో చేసినందువల్ల రాలేదు, అంటుకోదు, నీకు ఇప్పుడు కొత్తగా రాదు, మందు వేస్తే పోయేది కాదు, నేర్పితే చాలా నేర్చుకుంటాడు. మిక్సీ వేస్తే నీకు ఉత్త చప్పుడే, వాడికి చెవిలో పొడిచినట్టు ఉంటుంది. ఇలా ఇంట్లో తను రోజూ చూసేవాటితోనే చెప్పండి.

బయట చెప్పడానికి తనకి రెండు వాక్యాలు చేతిలో పెట్టండి. "మా తమ్ముడికి ఆటిజం ఉంది. మాటలు లేటు, చప్పుడు ఎక్కువైతే తట్టుకోలేడు." అంతే. ఆ పైన ఇంకా అడిగితే "ఇప్పుడు దాని గురించి మాట్లాడాలని లేదు" అనొచ్చని కూడా చెప్పండి, అది పొగరు కాదని చెప్పండి. ఎవరికి చెప్పాలో ఎవరికి చెప్పకూడదో తన ఇష్టం. వాణ్ణి వెక్కిరించే పిల్లలతో పోట్లాడే డ్యూటీ మాత్రం తనకి వెయ్యకండి, అది క్లాస్ టీచర్ పని. ఏప్రిల్ 2 ఆటిజం దినం అని కొన్ని స్కూళ్ళలో ప్రార్థన సమయంలో మాట్లాడిస్తారు, మంచిదే, కానీ పాపని అడగకుండా తన పేరు చెప్పి స్టేజీ ఎక్కించకుండా చూసుకోండి.

ఇంటి సంగతికి వస్తే, నన్ను ఎక్కువ ఆపింది ఆ చిరిగిన ప్రాజెక్టు. "వాడికి తెలీదు కదా" అన్నారు. వాడికి తెలీదు, నిజమే. కానీ పాపకి వినిపించింది ఇంకోటి, నా వస్తువుకి ఈ ఇంట్లో విలువ లేదు అని. అలాంటప్పుడు మొదటి మాట పాపకే పడాలి. "అయ్యో, మూడు రోజులు కష్టపడ్డావు" అని. తర్వాత ఫెవికాల్ పట్టుకుని మీరో వాళ్ళ నాన్నో తనతో పాటు కింద కూర్చోవాలి, ఎంత రాత్రయినా. బాబు చేత కూడా చిరిగిన ముక్కలు ఏరించి అక్క చేతికి ఇప్పించండి, చెయ్యి పట్టి అయినా సరే. ఏడేళ్ళ వాడు, అది నేర్చుకోగలడు, నేర్చుకోవాలి, వాడి మేలు కోసం కూడా. ఆ తర్వాత బజారుకి వెళ్ళి ఒక తాళం కొనండి. పాపకి ఒక అల్మరా, లేదా కనీసం ఒక అర, దాని తాళంచెవి తన దగ్గరే. చిన్న ఇల్లు, గది ఇవ్వలేం అంటారు చాలామంది. గది అక్కర్లేదు. వాడి చెయ్యి పడదని పాపకి నమ్మకం ఉన్న చోటు ఒక్కటి ఉంటే చాలు.

వాడు గిల్లడం, కొరకడం, జుట్టు పీకడం ఉందా? మీరు రాయలేదు, కానీ ఉంటే దాచుకోవద్దు. ఆ సమయంలో పాప చెయ్యాల్సింది ఒక్కటే, అక్కడినుంచి లేచి వచ్చి పెద్దవాళ్ళని పిలవడం. వాణ్ణి పట్టుకుని ఆపడం తన పని కాదు. "నువ్వేం చేశావు వాణ్ణి" అని ముందు పాపని అడిగే అలవాటు ఉంటే మానుకోండి. నా ముంజేతి మీద ఇప్పటికీ రెండు పళ్ళ గాట్లు ఉన్నాయి. దెబ్బ కంటే ఆ ప్రశ్నే ఎక్కువ గుర్తుంది నాకు.

రోజుకి ఇరవై నిమిషాలు పాపకి ఇవ్వండి. మీరు నవ్వుకుంటారేమో, ఊపిరి తీసుకోవడానికే టైం లేదంటే ఇదొకటా అని. నేను పెద్ద పెద్ద పిక్నిక్కులు చెప్పడం లేదు. రోజూ ఒకే సమయం, తమ్ముడు వాళ్ళ నాన్న దగ్గర, మీ ఫోన్ వేరే గదిలో. ఆ ఇరవై నిమిషాల్లో బాబు మాట రాకూడదు, చదువు మాట కూడా రాకూడదు. తనకి ఏం కావాలంటే అది, మేడ మీద నడవడమో, పచ్చీసు ఆడటమో, ఊరికే పక్కన పడుకోవడమో. మధ్యలో వాడు ఏడ్చినా మీరు లేవకండి, నాన్న చూసుకుంటారు. ఒక్కసారి అమ్మ లేవకుండా తన పక్కనే కూర్చుంటే ఆ పిల్లకి ఏం తెలుస్తుందో నేను మాటల్లో చెప్పలేను. మీ ఉత్తరంలో బాబు వాళ్ళ నాన్న ఎక్కడా కనపడలేదు. ఆయన పని ఎంత ఉన్నా సరే, వారానికి రెండు థెరపీలు ఆయన తీసుకెళ్తే ఆ రెండు సాయంత్రాలు పాపకి ఇంట్లో అమ్మ దొరుకుతుంది. ఈ పేరా ఆయనకి చదివి వినిపించండి.

మీ అత్తగారి మాట గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఆవిడ మనసులో ఉన్నది ప్రేమే, మనవడి మీద బెంగ. కానీ "రేపు మేమంతా పోతే వాడికి దిక్కు నువ్వే" అన్న మాట పదకొండేళ్ళ పిల్ల మీద పెడితే ఆ పిల్ల దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? ఒకే వాక్యంలో అమ్మానాన్నా చచ్చిపోతారన్న మాట, తర్వాత నీ బతుకు నీది కాదన్న మాట, రెండూ ఉన్నాయి. నాకు ఇదే మాట మా పెద్దమ్మ చెప్పేది. నేను ఏం చదవాలి, ఏ ఊళ్ళో ఉద్యోగం చెయ్యాలి, పెళ్ళి చేసుకోవాలా వద్దా అన్నీ ఆ మాట పక్కన పెట్టుకునే ఆలోచించాను. ఇంకొన్నేళ్ళు పోతే పాప వినేలాగే "ఈ తమ్ముడితో దీనికి సంబంధం ఎలా కుదురుతుందో" అనే చుట్టాలు కూడా తయారవుతారు, ఇప్పుడే చెబుతున్నాను, అలాంటి వాళ్ళని మొదటిసారే ఆపండి, పాప ముందే ఆపండి. మీరు ఆపడం పాప చూడాలి.

అత్తగారితో పోట్లాడమని కాదు. భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఆ రేపటి సంగతి నిజంగా చూసుకోవడం మొదలుపెట్టండి, అప్పుడు ఆవిడకి చెప్పడానికి మీ దగ్గర ఒక సమాధానం ఉంటుంది. బాబుకి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, వైకల్యం ఉన్నవాళ్ళకిచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు లేకపోతే ముందు అవి చేయించండి. ఇలాంటి వైకల్యాలున్నవాళ్ళ సంక్షేమం కోసం 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టంలోకి ఆటిజం కూడా వస్తుంది. ఆ ట్రస్ట్ వాళ్ళ నిరామయ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య బీమా ఉంది. పద్దెనిమిదేళ్ళు దాటితే చట్టం దృష్టిలో పిల్లవాడు పెద్దవాడు, తల్లిదండ్రులు వాళ్ళంతట వాళ్ళే గార్డియన్లుగా ఉండరు. అవసరమైతే కలెక్టర్ ఉండే జిల్లా కమిటీకి దరఖాస్తు పెట్టుకుని గార్డియన్‌ని నియమింపజేసుకోవచ్చు. మీకు ఇంకా పదకొండేళ్ళు ఉన్నాయి. వాడి పేరున ఎంత దాస్తున్నారు, వాడికి ఏ పని నేర్పుతారు, ఎవరెవరు సాయం ఉంటారు, ఇవి మీ ఇద్దరి పనులు. పాపకి మాత్రం ఒక్కసారి స్పష్టంగా చెప్పండి, "తమ్ముడి ఏర్పాట్లు అమ్మా నాన్నా చూస్తున్నాం. పెద్దయ్యాక నువ్వు ఎంత చెయ్యాలనుకుంటే అంత చేద్దువుగాని, నీ చదువు నీది, నీ ఇష్టం నీది." నాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు తమ్ముడు నాతోనే ఉంటున్నాడు, అది నేను కోరుకున్నదే, కానీ కోరుకున్నానని నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇలాంటి పిల్లలందరూ దెబ్బతింటారా అని మీరు బెంగపడకండి. పరిశోధనలన్నీ ఒకేలా చెప్పవు. కొందరిలో దిగులు, ఆందోళన మిగతా పిల్లల కంటే ఎక్కువ కనిపిస్తాయి, చాలామంది మామూలుగానే ఎదుగుతారు. కానీ ఇవన్నీ చేశాక కూడా కొన్ని వారాల పాటు నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గిపోవడం, ఇదివరకు ఇష్టంగా చేసేవన్నీ మానేయడం, ఒక్కతే మూల కూర్చోవడం కనిపిస్తే పిల్లల సైకాలజిస్టుకి చూపించండి. చచ్చిపోవాలనుంది లాంటి మాట ఒక్కసారి వచ్చినా ఆగొద్దు, కొట్టిపారేయొద్దు. మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, ఏ వేళైనా, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇంకొకటి. అమెరికాలో డాన్ మేయర్ అనే ఆయన 1980లలో సిబ్‌షాప్‌లని మొదలుపెట్టారు, ఇలాంటి పిల్లల అక్కలూ అన్నలూ చెల్లెళ్ళూ ఒకచోట చేరి ఆడుకోవడం, తినడం, మధ్యలో మాట్లాడుకోవడం. దానికి పెద్ద సంస్థ ఏమీ అక్కర్లేదు. మీ థెరపీ సెంటర్ వరండాలో పరిచయమైన తల్లులు నలుగురు ఉంటారు కదా, వాళ్ళ రెండో పిల్లల్ని నెలకో ఆదివారం ఒక ఇంట్లో కలపండి, సమోసాలు పెట్టి మీరు పక్క గదిలోకి వెళ్ళిపోండి. మా సెంటర్లో ఇలా మొదటిసారి కలిపినప్పుడు తొమ్మిదేళ్ళ పిల్లాడొకడు ఇంకొకణ్ణి అడిగాడు, "మీ చెల్లి కూడా నీ హోంవర్క్ నాకుతుందా?" అని. ఆ రెండోవాడు అవునన్నాడు. ఇద్దరూ పొట్ట పట్టుకుని ఎంతసేపు నవ్వారో! వాళ్ళు ఇంకెవరి దగ్గరా అలా నవ్వలేరు.

తమ్ముడితో ఆడుకోమని మాత్రం పాపని పంపకండి. కొన్నాళ్ళు వదిలేయండి. మా తమ్ముడు గడప పొడుగునా చింతపిక్కలు వరసగా పేర్చేవాడు, గంటలు గంటలు. నాకు పదేళ్ళప్పుడు, ఎవరూ చెప్పకుండానే, వరస చివర ఒక పిక్క పెట్టాను. తీసి అవతల పారేశాడు. మర్నాడు పెట్టాను, తీసేశాడు. నాలుగో రోజు దాన్ని చూశాడు, నా వంక చూశాడు, ఉంచేశాడు. తర్వాత ఇంకో పిక్క నా చేతిలో పెట్టాడు. మేమిద్దరం ఆడిన మొదటి ఆట అదే. మీ పాప మీద బరువు తగ్గితే, తనంతట తను ఏదో ఒకరోజు వాడి పక్కన కూర్చుంటుంది. అప్పుడు ఎలా ఆడాలో, వాడికి ఎలా చెబితే అర్థమవుతుందో మీ థెరపిస్టు చేత పాపకి నాలుగు చిట్కాలు చెప్పించండి, పిల్లలు మనకంటే తొందరగా నేర్చుకుంటారు.

వచ్చే నెల పుట్టినరోజు గురించి. ఎవర్నీ పిలవొద్దంటోంది అంటే ఇంటికి పిలవొద్దు అని అర్థమేమో అడగండి. ఇంట్లో కాకుండా వేరే చోట, మీ అక్కాచెల్లెళ్ళ ఇంట్లోనో, మేడ ఉన్న స్నేహితుల ఇంట్లోనో, తన ఫ్రెండ్స్‌తో మాత్రమే చేద్దామా అని అడగండి. ఆ రెండు గంటలు బాబు నాన్న దగ్గర ఉంటాడు, దానికి మీరు బాధపడొద్దు, వాణ్ణి వెలివేసినట్టు కాదు. పొద్దున్న ఇంట్లో నలుగురూ కలిసి పాయసం తాగండి, వాడి చేత అక్క నోట్లో ఒక చెంచా పెట్టించండి. సాయంత్రం అక్కడ మాత్రం ముందుగా వెళ్ళి, గోడలనిండా, గుమ్మం చుట్టూ, ఫ్యాన్‌కి కూడా, ఆ పిల్లకి ఏ రంగులు ఇష్టమో కనుక్కుని, బెలూన్లు కట్టించండి.